ఇంటి తుపాకి, ఠాణా తుప్పు

ఆదివారము తెల్లవారుజామున, ఇంటిలోనివారింకను లేవకమునుపే, ఇనుప బీరువా తెరచి, మా తాతగారి జోడుగొట్టాల తుపాకిని పాత దుప్పటి పరచిన బల్లమీద పెట్టి, మొదట దానిని విరిచి రెండు గొట్టములును ఖాళీగా నున్నవని కన్నులార చూచుకొని, పిమ్మట ముందుకర్ర ఊడదీసి గొట్టములను కుందానుండి వేరుచేసి, లోపల మెత్తని ఫ్లానెల్ గుడ్డ నడిపి, వెలుపల పలుచగా నూనె రాచి, అక్రోటు కర్రకు మాత్రము ఏడాదికి రెండు పర్యాయములు అవిసెనూనె అరచేతితో మర్దించుట నలుబది సంవత్సరములుగా నాకు తప్పని అలవాటు. "ఖాళీదని ఎవరు చెప్పినా నమ్మకు బాబూ, విరిచి నీ కళ్లతో చూసుకో" అని పార్వతీపురము దాపున మా పల్లెటింటి వసారాలో, నాకు పదేండ్ల ప్రాయమున, తాతగారు చెప్పిన మాటను నాటినుండి నేటివరకు నేను ఒక్క దినమైనను మీరి యెరుగను. నా చేతులారా మూసి పెట్టిన తుపాకినే మరుక్షణమున మరల చేత బట్టినను, మరల విరిచియే చూతును.

ఈ తుపాకి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున తయారైనది. పన్నెండు బోరుది, అనగా ఒక పౌను సీసమును పన్నెండు సమభాగములు చేసి గుండ్లుగా పోసినచో అందొక గుండు పట్టునంతటి గొట్టము, నేటి కొలతలో దాదాపు 18.5 మిల్లీమీటర్లు. 1911లో ఢిల్లీ దర్బారు జరిగిన యేట మా ముత్తాతగారు మదరాసులో దీనిని క్రొత్తగా కొనిరని మా యింట పరంపరగా వచ్చుచున్న మాట. కొన్నేండ్ల క్రిందట ఒక భూతద్దము పుచ్చుకొని, గొట్టముల అడుగున, కుందాలో దాగియుండు చదునుభాగముమీద అచ్చటి ప్రూఫ్ హౌసువారు గ్రుచ్చిన ముద్రలను చదువబూనితిని. అమ్మకమునకు పోకమునుపు ప్రతి గొట్టమును మామూలుకంటె హెచ్చు మందుతో ప్రేల్చి, పగులక నిలిచినదానిపైననే ముద్రవేయుట 1813నుండియు బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసు చేయుచున్న పని. ఆ ముద్రల నడుమ, ఎడమ గొట్టము క్రింద మాత్రము, ‘నాట్ ఫర్ బాల్’ అను మూడు మాటలు, చీమలబారంత సన్నని అక్షరములలో, నా కంటబడినవి. గుండు పెట్టి కాల్చుటకు తగదని వాని అర్థము. ఆ ముద్ర 1875లో మొదలై 1887లో మానివేయబడినది. కావున మా ముత్తాతగారు కొన్ననాటికే ఈ తుపాకికి ఇరువదియేండ్లు నిండి యుండవలెను. ఏ దొర చేతిలోనో వాడబడి, ఏ దుకాణములోనో రెండవసారి అమ్మకమునకు వచ్చినదై యుండవలెను.

ఇంటిమాట తప్పైనందుకు నాకు విచారము కలుగలేదు. ఆ క్షణమున నా మనస్సున మెరసినది వేరొక సంగతి. తాతగారికి ఆంగ్లాక్షరము ఒక్కటియు రాదు. అయినను, పంటచేలమీద పడు అడవిపందులకై రాత్రి మంచె యెక్కునప్పుడు, "గుండుకు కుడిగొట్టమే బాబూ, ఎడమదాంట్లో రవ్వలే పెట్టాలి" అని ఆయన తప్పక చెప్పువారు. ఎడమ గొట్టము మూతికడ లోపలి వ్యాసము వెంట్రుకవాసి చొప్పున సన్నగింపబడియుండును. దానిని చోక్ అందురు. సీసపు రవ్వలు చెదరిపోక గుంపుగా దూరము పోవుటకు అది ఉపకరించును గాని, బిరుసుగా పట్టిన గుండు ఆ ఇరుకున తగులుకొన్నచో గొట్టమునకే చేటు వచ్చును. ముద్ర చదువలేని మనుష్యుడు ముద్రలోని యాజ్ఞను అక్షరము తప్పక పాటించినాడు! ఎవరో ఆయనకు చెప్పిరి, ఆయన నాకు చెప్పెను. ఇంగ్లండులో ఇనుముమీద గ్రుచ్చిన హెచ్చరిక, తెనుగు మాటయై, మూడు తరములు నోటినోట బ్రతికి, తుదకు భూతద్దము క్రింద తన మూలమును తాను కలిసికొన్నది. పాత తుపాకిని ఇంట ఉంచుకొనుటలో నాకు గల ఆనందమేమని అడిగినవారికి నేను చెప్పదగిన సమాధానము ఇంతకంటె వేరొకటి లేదు.

గొట్టముల పైభాగము మరియొక గ్రంథము. నూనె రాచి కిటికీ వెలుతురునకు త్రిప్పి చూచినచో, గోధుమవన్నె నేలపై వెండివన్నె చారలు, పలుపుత్రాటి పేటలవలె పెనవేసికొని, గొట్టము మొదటినుండి మూతివరకు చుట్టుకొనిపోవుట కనబడును. ఇనుపకడ్డీలను ఉక్కుకడ్డీలను పొరలుగా కలిపి, కాల్చి, మెలివేసి, బద్దలుగా సాగదీసి, ఒక నిలువు కమ్మిచుట్టు చుట్టి, సమ్మెటతో అతికిన గొట్టము లివి. డమాస్కస్ గొట్టములని పేరు. ఆ పేరు మాత్రము అరువు తెచ్చుకొన్నది. డమాస్కస్ ఖడ్గములకు కీర్తి తెచ్చిన ఉక్కు వేరు. అది మూసలో కరగించి పోసిన ఉక్కు. దానిని పండించిన కొలుములలో ప్రసిద్ధమైనవి మన నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఉండెడివి. పారసీక వర్తకులు అంతదూరము వచ్చి ఆ ఉక్కుముద్దలు కొనిపోయెడివారు. ‘ఉక్కు’ అను మన దక్షిణదేశపు మాటయే పాశ్చాత్యుల నోట ‘వూట్జ్’ అయినదని పండితులు చెప్పుదురు. బర్మింగ్‌హామ్ కమ్మరి తన మెలిపనికి డమాస్కస్ పేరు పెట్టుకొన్నప్పుడు, ఆ పేరు వెనుక కోనసముద్రపు కొలిమి ఉన్నదని ఎరుగునో ఎరుగడో. ఆ తుపాకిని కొన్న మన తెలుగువారును ఎరుగరు.

ఈ తుపాకి ప్రేలి ఎన్నో యేండ్లయినది. నల్ల తుపాకిమందుకు మాత్రమే పరీక్షింపబడిన గొట్టములలో నేటి పొగలేని మందు తూటాలు కాల్చరాదు. ఆ సంగతి తెలిసిన పిమ్మట మా నాయనగారే దీనికి విశ్రాంతి నిచ్చిరి. రుచి విషయమున నేను కొంత మొండివాడను. బంగారుతీగ చెక్కడములు, వెండి పలకలు, కుందాపై సింహముల బొమ్మలు గల తుపాకులను చూచినచో నాకు మనసు పోదు; పనివాని నైపుణ్యము మూతపడు చోటులందు, అనగా కర్రయు ఇనుమును కలియు అతుకునందు, గోరు దూరని ఆ సందునందు, కనబడవలెనని నా నమ్మకము. సంఖ్య పెంచుకొనుటయందును నాకు ప్రీతి లేదు. చంపావత్ పులిని కూల్చినందుకు 1907లో తనకు బహుమానముగా ఇచ్చిన .275 రిగ్బీ రైఫిలును జిమ్ కార్బెట్ ఎంతగా ప్రేమించెనో ఆయన పాఠకులందరు ఎరుగుదురు. సికిందరాబాదు ప్రక్కనున్న బొల్లారములో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్, నాటి చిత్తూరు జిల్లా మామండూరు అడవులవరకును తన .405 వించెస్టరునే నమ్ముకొని తిరిగెను. ఒక్క ఆయుధమును దాని గుణదోషములతో సహా ఎరిగి, దాని బరువు తన భుజమునకు అలవాటు చేసికొన్నవాడే తుపాకిని ఎరిగినవాడు. నేను వేటాడను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము వేటను మాన్పించుట ఈ దేశమునకు జరిగిన గొప్ప మేలని మనసార నమ్ముదును.

నాకు కాల్చు సరదా తీరునది గాలి రైఫిలుతో. పది మీటర్ల దూరమున, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళికతో, నడుమనున్న అర మిల్లీమీటరు చుక్కను, అనగా ఆవగింజకంటె చిన్నదానిని, కొట్టవలెను. చూచువారికి అదేమంత గొప్ప? శబ్దము లేదు, పొగ లేదు, కుందా భుజమున తన్నుట లేదు. ఐనను ఊపిరి విడిచి, సగము విడిచినచోట నిలిపి, మీటపై వ్రేలిని లాగుచున్నట్లు తనకే తెలియకుండ బరువు పెంచి, గుండె కొట్టుకొను రెండు దెబ్బల నడుమ గుళికను విడుచుట యెంతటి సాధనయో చేసినవారికే తెలియును. పోటీలో అరువది గుళికలకు డెబ్బదియైదు నిమిషములు వ్యవధి. హైదరాబాదు వాసి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో ఈ క్రీడయందే కాంస్యపతకము తెచ్చెను. అదే నగరమున పెరిగిన ఈషా సింగ్ అను యువతి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో పిస్తోలుతో నాలుగు పతకములు గెలిచినది. నా మనుమరాలికి నేను ఈ విద్యయే నేర్పుచున్నాను. పెండ్లి పందిళ్లలో ఆకాశమునకు తుపాకి ప్రేల్చి మగతనము చాటుకొను వారిని చూచి ఆమె ముఖము త్రిప్పుకొనును; అట్టి కాల్పులకు శిక్ష విధించిన 2019 నాటి శాసన సవరణను ఆ విషయమున నేనును సంపూర్ణముగా సమర్థింతును.

అదే సవరణలోని మరియొక భాగమును గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుట. 1959 నాటి ఆయుధ శాసనము క్రింద, 1983 సవరణ పిమ్మట, ఒక వ్యక్తి మూడు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. 2019 డిసెంబరులో ఆ మూటిని రెంటికి తగ్గించిరి. వారసత్వముగా వచ్చిన తుపాకులకును ఆ హద్దే వర్తించునని స్పష్టముగా చెప్పిరి. మూడవదానిని ఏడాదిలోగా పోలీసు ఠాణాలోగాని, లైసెన్సు గల వర్తకునియొద్దగాని అప్పగింపవలెను. దేశములో తుపాకులు తగ్గుట మంచిదే. ఒక మనుష్యుని ప్రాణరక్షణకు రెండు తుపాకులు చాలవను వాదమును నేను చేయను. అయితే ఆ లెక్కలో ఒక్క పొరపాటు దొరలినది. జనమును చంపగల ఆయుధమును, తరముల పనితనమునకు సాక్షియైన వస్తువును, శాసనము ఒకే త్రాసులో పెట్టి ఒకే అంకెతో తూచినది.

మా యింట ఉన్నవి మూడు. తాతగారి జోడుగొట్టాలది ఒకటి. మా నాయనగారు కొన్న .315 రైఫిలు రెండవది. ఇది మన ప్రభుత్వ కర్మాగారమున తయారైనది. మూడవది ముత్తాతగారి తండ్రినాటి ఒంటిగొట్టపు బర్మారు. లైసెన్సు పుస్తకములో ‘ఎస్.బి.ఎం.ఎల్.’ అని నాలుగక్షరములుగా వ్రాయబడునది. మూతినుండి మందు పోసి, గుడ్డ కుక్కి, గజముతో దట్టించి, రాగి టోపీ తొడిగి కాల్చు తుపాకి. మొదట జామగీ త్రాటితో రంజకము ముట్టించునదై, తరువాత టోపీకి మార్పబడినట్లు దాని చెవి దగ్గరి అతుకు తెలుపుచున్నది. బీహారులోని ముంగేరు పనివారి చేతిదని మా పెద్దలు చెప్పెడివారు. 1760ల తొలినాళ్లలో బెంగాలు నవాబు మీర్ కాసిం తన రాజధానిని ముంగేరునకు మార్చి అచ్చట ఆయుధశాలలు నెలకొల్పిననాటినుండి ఆ ఊరి కమ్మరులు తుపాకి పనికి పేరుపడినవారే.

2020లో, గడువు ముగియవచ్చుచుండగా, ఈ మూటిలో దేనిని ఇచ్చివేయుదునని ఎన్ని రాత్రులు ఆలోచించితినో! తుదకు, కాల్చుటకు ఎన్నడును పనికిరాదు గనుకను, వర్తకులెవ్వరును పైసా యిచ్చి కొనరు గనుకను, బర్మారును ఠాణాకు అప్పగించి రసీదు తెచ్చుకొంటిని. అది తప్పు. మూటిలో మరల దొరకని వస్తువు అదియే. రైఫిలు వంటివి వేనవేలు ఉన్నవి. బర్మింగ్‌హామ్ తుపాకి వంటివి, మాదానికంటె మేలైనవి, లోకమున ఎందరి యొద్దనో ఉన్నవి. కొనువాడు లేడని దానిని ఇచ్చితిని. కొనువాడు లేడు గనుకనే దానిని కాపాడవలసినవాడను నేనొక్కడనే యని ఆనాడు నాకు తోచలేదు.

ఇందొక సూక్ష్మము కలదు. 1980ల నడుమనుండి విదేశీ తుపాకుల దిగుమతిని సామాన్యులకు ఆపివేయుటచే, దేశమున ముందే ఉన్న హాలండ్ అండ్ హాలండు, వెస్ట్‌లీ రిచర్డ్సు మొదలగు పేరుగల తుపాకులకు వెల ఎక్కడికో పోయినది. పేరుగలవానిని ధనము కాపాడును. రాజుల ఖడ్గములను, రత్నములు పొదిగిన కటారులను సాలార్‌జంగ్ మ్యూజియము వంటివి కాపాడును. పేరులేని కమ్మరి చేసి, పేరులేని రైతు మంచెమీద పట్టుకొని కూర్చున్న పంటకాపు తుపాకిని ఎవరు కాపాడుదురు? మన దేశపు చరిత్ర అధికముగా నిలిచియున్నది ఆ తుపాకిలోనే. 1857 పిమ్మట తెల్లదొరలకు భారతీయుని చేతి ఆయుధమును చూచి కలిగిన భయము 1878 ఆయుధ శాసనమైనది. సైన్యపు తూటాలు ప్రజలకు చిక్కునను భయముచేత .303ను నిషేధించిరి; 1907లో .450ని కూడ దేశములోనికి రానీయలేదు. మా నాయనగారి రైఫిలు .315 అయి పుట్టుటకు ఆ భయమే మూలము. తుపాకులన్నియు ఠాణాలలోనే ఉండుటవలననే గదా, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరుసగా మూడు దినములు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీదికి పోవలసివచ్చినది! ఏ తుపాకి ఎవరి చేతిలో ఉండనిచ్చిరో, ఏది లాగికొనిరో, ఆ కథ ఏ దస్తావేజులో ఉన్నను, దాని ముద్ర ఈ ఇనుముమీద ఉన్నది.

ఠాణాలలో ఈ వస్తువుల గతి యేమగునో నేను కన్నులార చూచితిని. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సుదారులు తుపాకులను అప్పగించుట మనకు ఆచారము. దానిని నేను తప్పుపట్టను. 2024 మార్చిలో జోడుగొట్టాలదానిని ఇచ్చి, ఓట్ల లెక్కింపు ముగిసిన పిమ్మట జూన్ నెలలో తెచ్చుకొంటిని. ఇచ్చునాడు నూనె రాచి గుడ్డలో చుట్టి ఇచ్చితిని. వచ్చునాడు గుడ్డ లేదు. కుడిగొట్టము నడుమ, చారలకు అడ్డముగా, ఎవరిదో బొటనవ్రేలి ముద్ర, ఒక్కొక్క గీతయు స్పష్టముగా, ఎర్రని తుప్పుగా తేలియున్నది. గోదాములోనికి మోయునప్పుడు చెమటచేతితో ఎవరో పట్టుకొన్నారు. వేసవి యుక్కలో మూడు నెలలు ఆ చెమట ఇనుమును తిన్నది. పట్టుకొన్నవానిమీద నాకు కోపము లేదు. అతనికి ఎవరును చెప్పలేదు. నూనెతోను, సన్నని ఉక్కునూలుతోను ఎంత మెల్లగా రుద్దినను ఎరుపు పోయినది గాని ముద్ర పోలేదు. నూటముప్పదియేండ్లకు పైబడిన గోధుమవన్నె నేలపై అది యిప్పటికిని నీడగా కనబడుచున్నది.

మూడు నెలలకే ఇట్లయినచో, 2020నుండి అచ్చటనే ఉన్న బర్మారు సంగతి యేమి? గడువు దాటిన తుపాకిని జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరువుపై ప్రభుత్వపరము చేయుటకు శాసనమున వీలున్నది; అట్లు ప్రభుత్వపరమైనవానిని కొలిమిలో కరగించుటయు కలదు. అయితే ఆ శాసనములోనే, నలుబదియైదవ సెక్షనులో, వాడుక తప్పిన పాతకాలపు ఆయుధములు, పురావస్తు విలువ గలవి, బాగుచేసినను ప్రేలనివి శాసనపు పట్టునకు వెలుపలివని ఒక మినహాయింపు వ్రాసియున్నారు. ఆ వాక్యము పుస్తకములోనే నిదురించుచున్నది. దానిని వాడుకొనుటకు సామాన్యుడెవని యొద్దకు పోవలెనో, ఏ కాగితము పెట్టుకొనవలెనో జిల్లాలో నేనడిగినవా రెవ్వరును చెప్పలేకపోయిరి. బ్రిటనులో 1988నుండియు ఒక పద్ధతి యున్నది: తుపాకిని మరల ప్రేలకుండునట్లు నిర్వీర్యము చేసి, ప్రూఫ్ హౌసువారు పరీక్షించి ముద్రవేసి పత్రము నిత్తురు, ఆ పిమ్మట అది ఆయుధము కాదు, వస్తువు. మన పోలీసు విభాగములందు ఆయుధములు బాగుచేయు నిపుణులు లేకపోలేదు. ప్రతి జిల్లాలోను వారిచేతనే ఈ పని చేయించి, కలెక్టరు చేవ్రాలుతో పత్రమిచ్చినచో, ఇంటివారు ఉంచుకొందురు. ఉంచుకొనలేనివారు జిల్లా పురావస్తుశాలకు ఇత్తురు. కరగించు ఉత్తరువు వ్రాయకమునుపు పురావస్తుశాఖ మనుష్యుడొకడు వచ్చి ఒకసారి చూచి పోవలెనను నియమమైనను పెట్టరాదా? దానికి క్రొత్త శాసనము కూడ అక్కరలేదు.

నేను కలెక్టరుగారికి మూడు అర్జీలు పెట్టుకొంటిని. బర్మారును నాకు తిరిగి యిమ్మని కాదు. గొట్టములో సీసము పోసి మూసి, ఏదైన పురావస్తుశాలలో, రైతు తుపాకి యని చీటీ వ్రాసి పెట్టుడని. సమాధానమింకను రాలేదు. నడుమ నొకసారి ఠాణాలో క్రొత్తగా వచ్చిన అధికారి, చిన్నవాడు, నా మొర విని, నూనెబుడ్డితో లోపలికి పోనిచ్చెను. గోనెపట్టాలమీద, నాటుతుపాకుల గుట్టలో, మెడకు పురికొసతో కట్టిన అట్టచీటీతో అది కనబడినది. మునికాళ్లమీద కూర్చుండి అరగంట తుడిచితిని. ఆయన ప్రక్కనే నిలుచుండి, "ఇది ఎట్లా పేల్చేవారండీ?" అని అడిగి, నేను మందు పోయుట మొదలుకొని చెప్పుచుండగా, "మరి దట్టించే కడ్డీ ఏదండీ?" అనెను. అప్పుడు గాని నాకు స్ఫురింపలేదు. గొట్టము క్రింద గజము దూర్చు వలయములు రెండును ఖాళీగా నున్నవి. ఇంటికి వచ్చి వెదకగా, అప్పగించునాడు తుడుచుటకు ఊడదీసి మరచిపోయిన గజము, ఇనుప బీరువా వెనుకమూలను గోడకు ఆనియున్నది. ఆదివారమునాడు తక్కిన రెంటితోపాటు దానికిని నూనె రాచుచున్నాను.